పాత పుస్తకాల దుకాణానికి ఇంటిల్లిపాదీ వెళ్లడం ఎలా

కొత్త పుస్తకాల దుకాణంలో ఏముండాలో దుకాణదారు నిర్ణయిస్తాడు. పాత పుస్తకాల దుకాణంలో ఏముంటుందో మాత్రం పూర్తిగా ఆయన చేతిలో ఉండదు. ఇల్లు మారుతున్నవారు వదిలించుకున్న అట్టపెట్టెలు, చదువు ముగిసిన విద్యార్థులు అమ్మేసిన పాఠ్యపుస్తకాలు, గ్రంథాలయాలు ఏరివేసిన ప్రతులు, ఎవరో జీవితమంతా కూడబెట్టుకోగా వారి తరువాత వారసులు ఏకమొత్తంగా అప్పగించిన బీరువాలు, ఇవన్నీ ఏ క్రమమూ లేకుండా అక్కడికి చేరతాయి. అందువల్ల ఫలానా పుస్తకమే కావాలని జాబితా పట్టుకొని వెళ్లినవారు చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగివస్తారు. ఏముందో చూద్దామని వెళ్లినవారికి ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది.

ఆ అనిశ్చితి వల్లనే అది కుటుంబంతో వెళ్లదగిన చోటు అయింది. అక్కడ ఏమి దొరుకుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, ఎన్నో పుస్తకాలు చదివిన పెద్దవారికీ, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న బిడ్డకూ అవకాశం సమానమే. పైగా ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటున్నవారు కూడా ఒకరి ఆసక్తులు ఒకరికి పూర్తిగా తెలియకుండానే రోజులు గడిపేస్తుంటారు. ప్రకటనలూ సిఫారసులూ లేని ఆ అరల ముందు నిలబడినప్పుడు ఎవరి చేయి దేనివైపు పోతుందో గమనిస్తే, బాగా తెలుసుననుకున్న మనిషి గురించే కొత్త సంగతి ఒకటి తెలుస్తుంది. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ ఆనందానికి అడ్డు తగలకుండా చూసుకోవడం కోసమే. పుస్తకాలు చవకగా దొరకడం దానిమీద వచ్చే లాభం.

బయలుదేరే ముందు

వేరే పనుల మధ్య ఇరికించుకొని ఈ దుకాణానికి వెళ్లకూడదు. కూరగాయలు కొనుక్కొని, బట్టలు ఇస్త్రీకి ఇచ్చి, దారిలో ఒక పది నిమిషాలు చూసి వద్దామనుకుంటే, ఆ పది నిమిషాలూ పిల్లలను తొందరపెట్టడానికే సరిపోతాయి. కనీసం ఒక గంటన్నర దీనికోసమే విడిగా ఉంచుకోవాలి. చిన్నపిల్లలు ఉంటే వారు కడుపునిండా తిని, నిద్ర తీరి ఉన్న వేళను ఎంచుకోవడం మంచిది. సెలవురోజు సాయంత్రం కన్నా ఉదయం దుకాణం తెరిచిన కొద్దిసేపటికే వెళితే జనం తక్కువగా ఉంటారు, ఇరుకు సందుల్లో పిల్లలు నేలమీద కూర్చున్నా ఎవరికీ ఇబ్బంది కలగదు, దుకాణదారుకు కూడా మాట్లాడే తీరిక ఉంటుంది.

ఇంట్లోని పుస్తకాల అరలను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే, ఉన్న పుస్తకాన్నే మళ్లీ కొనే ప్రమాదం తప్పుతుంది. సంపుటాలుగా వచ్చిన పుస్తకాల్లో ఏ సంఖ్యలు లేవో రాసుకున్న చిన్న కాగితం జేబులో ఉండాలి. పాత దుకాణంలో విడి సంపుటాలు దొరికినంతగా పూర్తి సెట్లు దొరకవు. గుడ్డసంచులు రెండు, దుమ్ము తుడుచుకోవడానికి ఒక మెత్తని బట్ట, కింది అరల్లో చీకటిగా ఉంటుంది కనుక ఒక చిన్న టార్చి తీసుకువెళ్లాలి. ఉబ్బసం గానీ దుమ్ము పడని తత్వం గానీ ఉన్నవారికి మాస్కు తప్పనిసరి. తినుబండారాలు, మూత గట్టిగా లేని నీళ్లసీసాలు లోపలికి తీసుకువెళ్లకూడదు.

డబ్బు విషయం ఇంట్లోనే తేల్చుకోవాలి. ప్రతి ఒక్కరికీ సమానమైన మొత్తం కేటాయించడం, దాన్ని ఎవరి చేతికి వారికి ఇవ్వడం అన్నింటికంటే మంచి పద్ధతి. తల్లిదండ్రులకు కూడా అదే పరిమితి వర్తించాలి. ఏడేళ్ల పిల్లకు రెండే పుస్తకాలని చెప్పి నాన్న మాత్రం పన్నెండు మోసుకొస్తే, ఆ పిల్ల ఆ లెక్కను చాలాకాలం మరిచిపోదు. ఇంట్లో స్థలం తక్కువైతే డబ్బుకు బదులు సంఖ్యను హద్దుగా పెట్టుకోవచ్చు. తలా మూడు అన్నప్పుడు, మూడోదానికోసం రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి తర్జనభర్జన పడడంలోనే పిల్లలకు ఎంపిక చేయడం అలవాటవుతుంది.

లోపలికి వెళ్లాక విడిపోవాలి

కలిసి వెళ్లిన కుటుంబం దుకాణంలోనూ గుంపుగా తిరిగితే ఎవరికీ ఏమీ కనపడదు. అందరికంటే చురుకైనవారి వేగంతో అందరూ నడవవలసి వస్తుంది, లేదా అందరికంటే నెమ్మదైనవారి వెనుక అందరూ విసుక్కుంటూ నిలబడవలసి వస్తుంది. చదవగలిగిన వయసు పిల్లలను కనుచూపు మేరలో ఉండమని చెప్పి వదిలేయాలి. మరీ చిన్నవారితో ఒక పెద్దవారు ఉండి, కొంతసేపటికి ఆ బాధ్యతను ఇంకొకరికి అప్పగించాలి. అరగంటకో నలభై నిమిషాలకో ఫలానా చోట కలుద్దామని ముందే అనుకుంటే, మధ్యలో ఒకరినొకరు పిలుచుకొనే అవసరం ఉండదు.

మొదటి అయిదు నిమిషాలు దేనినీ ముట్టుకోకుండా దుకాణం అంతా ఒకసారి చుట్టి రావడం మేలు. కొన్నిచోట్ల విషయాలవారీగా సర్దుతారు, కొన్నిచోట్ల సగమే సర్దుతారు, కొన్నిచోట్ల అన్నీ కుప్పలే. సర్దిన అరల కన్నా ఇంకా సర్దని కొత్త సరుకులోనే మంచి పుస్తకాలు దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాటిని మనకంటే ముందు ఎవరూ జల్లెడ పట్టి ఉండరు. అటువంటి పెట్టెలు చూడవచ్చునా అని దుకాణదారును మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. ఒక వరుస వెనుక ఇంకొక వరుస దాగి ఉండడం పాత దుకాణాల్లో మామూలే. తప్పు అరలో దూరిన పుస్తకాలు కూడా అంతే మామూలు. వంటల పుస్తకాల మధ్య ఖగోళశాస్త్రం కనిపించిందంటే దానిని ఇంతకుముందు వెతికినవారెవరూ చూడలేదన్నమాట.

కుటుంబంలో ఒక్కొక్కరి ఎత్తు ఒక్కో రకంగా ఉండడం ఇక్కడ బాగా కలిసివస్తుంది. వంగలేని పెద్దలు వదిలేసే కింది అరలు పిల్లలకు కళ్లెదుటే ఉంటాయి, పొడవైనవారు పై అరలు చూడగలరు, ఎక్కువసేపు నిలబడలేని తాతయ్యకో అమ్మమ్మకో ఒక స్టూలు అడిగి వేయించి, ఒక్కో కట్టను వారి చేతికి అందిస్తే నడుము ఎత్తులో ఉన్నవన్నీ వారు తీరికగా చూసిపెడతారు. వెన్నుల మీది అక్షరాలు చదవడానికి తల పక్కకు వంచవలసి వస్తుంది. ఇంగ్లిషు పుస్తకాల వెన్నుమీద పేరు సాధారణంగా పైనుంచి కిందికి నడుస్తుంది, ఫ్రెంచి పుస్తకాలపై ఎక్కువగా కిందినుంచి పైకి నడుస్తుంది. ఉర్దూ, అరబీ పుస్తకాలైతే మనకు చివరి అట్ట అనిపించేవైపు నుంచి మొదలవుతాయి. చదవడం రాని పిల్లలు కూడా ఈ తేడాలను చూసి ఇది మరో భాష అని పసిగట్టగలరు.

పుస్తకాన్ని అరలోంచి తీసే తీరు పిల్లలకు మొదటే చూపించాలి. చాలామంది వెన్ను పైఅంచున వేలు పెట్టి లాగుతారు, పాత పుస్తకాల వెన్నులు చిరిగేది సరిగ్గా అక్కడే. ఇరువైపులా ఉన్న పుస్తకాలను కొద్దిగా లోపలికి నెట్టి, కావలసిన పుస్తకం వెన్నును నడిమిభాగంలో రెండువైపులా పట్టుకొని బయటికి తీయాలి. కుప్ప మధ్యలోంచి లాగకుండా పైనున్నవాటిని దించి పక్కన పెట్టుకోవాలి, చూశాక మళ్లీ అదే వరుసలో పేర్చాలి. ఈ ఒక్క మర్యాద పాటించే కుటుంబానికి ఆ దుకాణంలో మరుసటిసారి దొరికే ఆదరణ వేరుగా ఉంటుంది.

కలుసుకున్నప్పుడు

అనుకున్న వేళకు అందరూ ఒకచోట చేరి, తాము ఏరుకున్నవి చూపించుకోవడమే ఈ ప్రయాణమంతటికీ కీలకం. ఒక్కొక్కరూ తమ పుస్తకాల్లో ఒకదానిని ఎత్తి చూపి, అందులోంచి ఒక వాక్యమో ఒక బొమ్మో మిగిలినవారికి వినిపించాలి లేదా చూపించాలి. ఎందుకు ఎంచుకున్నావని మాత్రం ఎవరినీ అడగకూడదు. ఆ ప్రశ్నకు పిల్లలు పెద్దలు మెచ్చుకొనే జవాబు వెతుక్కుంటారు, తరువాతిసారి ఆ జవాబుకు తగిన పుస్తకాన్నే ఎంచుకుంటారు. చెప్పాలనిపిస్తే వారే చెబుతారు.

పెద్దలకు ఇక్కడ కొంత నిగ్రహం కావాలి. అట్ట చిరిగిన బొమ్మల కథలపుస్తకమో, అప్పటికే ఇంట్లో పది ఉన్న దయ్యాల కథల వరుసలో పదకొండోదో, వయసుకు మించిన లావుపాటి రైలింజన్ల పుస్తకమో బిడ్డ పట్టుకొని వచ్చినప్పుడు, దానిని తిరిగి అరలో పెట్టించి ‘మంచి’ పుస్తకం చేతికివ్వాలని అనిపించడం సహజమే. హింస గానీ అసభ్యత గానీ ఉంటే తప్ప ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం. తక్కువ ధరకు దొరికే పుస్తకం మీద తప్పుడు ఎంపిక చేసే స్వేచ్ఛ కూడా చవకగానే వస్తుంది. నచ్చకపోతే ఆ పుస్తకం తిరిగి దుకాణానికే వెళుతుంది, తనకేది నచ్చదో మాత్రం బిడ్డకు తెలిసిపోతుంది. తల్లిదండ్రులు తమకు నచ్చింది పిల్లలకు కొనిపెట్టదలిస్తే తమ వాటాలోంచి కొనవచ్చు.

యుక్తవయసు పిల్లలు చూపించడానికి ఇష్టపడకపోతే వదిలేయాలి. వారు ఎక్కువసేపు ఏ అర దగ్గర నిలబడ్డారో మనం చూసే ఉంటాము. వృద్ధుల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. తాము చదువుకున్న పాత వాచకమో, ఒకప్పుడు ఇంటికి వచ్చిన పత్రిక బైండో కనపడితే వారికి ఆపుకోలేనంత మాట వస్తుంది. ఆ సమయంలో గడియారం చూడకుండా విని, వీలైతే వారు చెప్పే పద్యమో పాఠమో ఫోనులో రికార్డు చేసుకుంటే, అది కొన్న పుస్తకాలన్నింటికంటే విలువైనదిగా మిగలవచ్చు.

పుస్తకం వయసు కనిపెట్టే ఆట

కొనకపోయినా గంటల తరబడి పిల్లలను నిలబెట్టగల ఆట ఒకటి ఉంది. ఒక పుస్తకంలో ముద్రణ సంవత్సరం ఉన్న పుటను పెద్దలు వేలితో మూసిపెట్టి, అది ఎప్పటి పుస్తకమో లోపలి ఆధారాలతో కనిపెట్టమని అడగాలి. దీనికి అట్లాసు అన్నింటికంటే అనువైనది. పటంలో శ్రీలంకకు సిలోన్ అని ఉంటే 1972కు ముందరిది, బుర్కినా ఫాసోకు అప్పర్ వోల్టా అని ఉంటే 1984కు ముందరిది, రెండు జర్మనీలు ఉంటే 1990కి, సోవియట్ యూనియన్ ఉంటే 1991 చివరికి ముందరిది. చెకోస్లొవేకియా 1993 జనవరి 1న రెండు దేశాలుగా విడిపోయింది. ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి జైర్ అనే పేరు 1971 నుంచి 1997 వరకే ఉంది. కనుక చెక్, స్లొవాక్ దేశాలు విడివిడిగా ఉండి, ఆఫ్రికా మధ్యలో ఇంకా జైర్ అనే ఉంటే ఆ పటాన్ని 1993, 1997 సంవత్సరాల మధ్య గీశారని చిన్నపిల్లలు కూడా తేల్చగలరు. తూర్పు తిమోర్ స్వతంత్ర దేశంగా కనిపిస్తే 2002 తరువాతది, దక్షిణ సూడాన్ కనిపిస్తే 2011 తరువాతది. పాత పటాలనే మార్పులు చేయకుండా మళ్లీ అచ్చువేసే ప్రచురణకర్తలు ఉంటారు కనుక ఈ లెక్క పటం గీసిన కాలాన్ని చెబుతుంది, పుస్తకం అచ్చయిన సంవత్సరాన్ని ఖాయంగా చెప్పదు. ఆ తేడాను పిల్లలకు వివరించడం కూడా ఆటలో భాగమే.

విజ్ఞానశాస్త్ర పుస్తకాలతోనూ ఇదే ఆట ఆడవచ్చు. ప్లూటోను 1930లో కనుగొన్నారు, 2006లో దానిని గ్రహాల జాబితా నుంచి తప్పించి మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించారు. కాబట్టి తొమ్మిది గ్రహాలని రాసిన పుస్తకం ఆ రెండు సంవత్సరాల మధ్యదే అయి ఉంటుంది. గురుగ్రహానికి పన్నెండు ఉపగ్రహాలని ఉంటే దానిని 1951, 1974 మధ్య రాసి ఉంటారు. ఎవరెస్టు శిఖరాన్ని ఇంతవరకు ఎవరూ ఎక్కలేదని ఉంటే అది 1953 మే నెలకు ముందరి మాట. తప్పులుగా మారిన ఈ వాక్యాలు రాసిననాడు సత్యాలే కదా అన్న ఆలోచన పిల్లలకు వచ్చినప్పుడు, ఇప్పటి పుస్తకాల్లో ఏది మారవచ్చునని వారే అడుగుతారు.

అంకెలంటే ఇష్టపడే పిల్లలకు వెనుక అట్టమీది ఐఎస్‌బీఎన్‌ను, అంటే పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్యను చూపించాలి. ఈ పద్ధతి 1970లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పట్లో పది అంకెలు ఉండేవి, 2007 జనవరి నుంచి పదమూడు అయ్యాయి. అందువల్ల పది అంకెలే ఉన్న పుస్తకం సాధారణంగా ఆ మధ్యకాలానిది. చివరి అంకె మిగిలిన అంకెలను సరిచూడడానికి పెట్టినది. పదమూడు అంకెల సంఖ్యలో ఒకటో అంకె నుంచి మొదలుపెట్టి, ఒకదానిని ఒకటితో, తరువాతి దానిని మూడుతో, మళ్లీ ఒకటితో, మళ్లీ మూడుతో గుణిస్తూ చివరిదాకా కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. ఉదాహరణకు 9780306406157 అనే సంఖ్యతో లెక్క చేస్తే సరిగ్గా 100 వస్తుంది. ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే లెక్క కుదరదు. పది అంకెల సంఖ్యల చివర కొన్నిసార్లు ఎక్స్ అనే అక్షరం కనిపిస్తుంది, అక్కడ అది రోమన్ పద్ధతిలో పదిని సూచిస్తుంది.

మరికొన్ని పుస్తకాల్లో ముద్రణ వివరాల పుట అడుగున 10 9 8 7 6 5 4 3 2 1 అన్నట్టుగా ఒక వరుస ఉంటుంది. అందులో అన్నింటికంటే చిన్న అంకె ఎంతో, అది అన్నో ముద్రణ. అచ్చుపలకకు కొత్తగా ఒక అంకె చేర్చడం కన్నా ఉన్నదానిని చెరపడం తేలిక కనుక, ప్రతి ముద్రణకూ ఒక్కొక్క అంకెను తీసేస్తూ పోయేవారు. మొదటి ముద్రణ ప్రతి దొరికినంత మాత్రాన నిధి దొరికినట్టు కాదని కూడా పిల్లలకు చెప్పాలి. చాలా పుస్తకాలు రెండో ముద్రణకు నోచుకోనేలేదు.

పుటల మధ్య దొరికేవాటిది వేరే సంతోషం. ఎండిన ఆకు, పాత టికెట్టు, సగంలో ఆగిన చదువుకు గుర్తుగా పెట్టిన కాగితం, పుట్టినరోజు కానుకగా ఇస్తూ రాసిన రెండు వాక్యాలు, అంచుల్లో రచయితతో వాదించిన ఒక కోపిష్ఠి పాఠకుడి పెన్సిలు రాతలు, ఇవన్నీ పుస్తకానికి మరో కథను చేరుస్తాయి. ఎవరై ఉంటారో, ఎక్కడ ఆపేశారో అని పిల్లలను ఊహించనివ్వవచ్చు. అయితే ఎవరి పేరూ చిరునామా ఉన్న ఉత్తరం గానీ, కుటుంబ ఛాయాచిత్రం గానీ, డబ్బు గానీ దొరికితే దుకాణదారుకు చూపించాలి, పుస్తకం అమ్మినవారు ఆయనకు తెలిసి ఉండవచ్చు. అటువంటి వాటిని ఫొటో తీసి నలుగురికీ పంపడం మర్యాద కాదు.

కొనే ముందు చూడవలసినవి

ఏరుకున్న పుస్తకాలను మరొకసారి వెలుతురులో పరీక్షించాలి. మొదటి పరీక్ష వాసన. పాత పుస్తకానికి ఉండే తీయని వాసన కాగితంలోని సెల్యులోజు, లిగ్నిన్ అనే వృక్షపదార్థాలు నెమ్మదిగా విచ్ఛిన్నమై గాలిలో కలిసే పదార్థాల నుంచి వస్తుంది, అది హాని లేనిది. తడి గుడ్డను మూలన పడేస్తే వచ్చే ముక్కవాసన మాత్రం బూజుకు సూచన. పుటలపై చదునుగా కనిపించే గోధుమరంగు చుక్కలు ఒక్కటే అయితే చదవడానికి అభ్యంతరం లేదు గానీ, పొడిగా లేదా నూగుగా పైకి లేచిన మచ్చలున్న పుస్తకం ఎంత అపురూపమైనదైనా వదిలేయాలి. అది ఇంటికి వస్తే పక్కనున్న పుస్తకాలకూ బూజు అంటుకోవచ్చు.

కాగితం పసుపు రంగుకు తిరిగిందంటే తప్పనిసరిగా చాలా పాతదని అనుకోవలసిన పని లేదు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి పాత గుడ్డపీలికల గుజ్జుకు బదులు కొయ్యగుజ్జుతో కాగితం తయారుచేయడం పెరిగింది. అందులోని లిగ్నిన్ వెలుతురుకు రంగు మారుతుంది, తయారీలో వాడిన పటిక వల్ల ఏర్పడే ఆమ్లం నారలను పెళుసు చేస్తుంది. అందుకే రెండు వందల ఏళ్లనాటి గుడ్డకాగితం ఇంకా మెత్తగా, తెల్లగా ఉండగా, నిన్నమొన్నటి చవక కాగితం అప్పడంలా విరిగిపోతుంది. పెళుసుదనం తెలుసుకోవడానికి మూల మడిచి చూసే అలవాటు కొందరికి ఉంది. కాగితం నిజంగా పెళుసైనదైతే ఆ మూల చేతిలోకి వస్తుంది కనుక దుకాణంలో ఆ పరీక్ష చేయకూడదు. నాలుగు పుటలు నెమ్మదిగా తిప్పితే వేళ్లకే తెలిసిపోతుంది.

తరువాత పుటలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడాలి. పుస్తకాలను పెద్ద కాగితాలపై అచ్చువేసి, మడిచి, ఎనిమిది లేదా పదహారు లేదా ముప్పైరెండు పుటల ఫారాలుగా కూర్చి బైండు చేస్తారు. బైండింగులో పొరపాటు జరిగితే ఒక ఫారం మొత్తం లోపిస్తుంది, లేదా రెండుసార్లు వస్తుంది. అందువల్ల ప్రతి పుటనూ లెక్కపెట్టనక్కరలేదు, ఎనిమిదేసి పుటలకు ఒకసారి సంఖ్య చూసుకుంటూ పోతే సరిపోతుంది. కథ చివరి పుటలను విడిగా చూడాలి, చివరి అట్ట ఊడిన పుస్తకాల్లో మొదట పోయేవి అవే. రంగుచిత్రాలున్న పుస్తకాల్లో ఎవరైనా బొమ్మలను కత్తిరించుకొని ఉండవచ్చు, జాబితాలోని చిత్రాల సంఖ్యతో పోల్చుకోవాలి. వెన్నును గట్టిగా వెనక్కి విరిచి చూడకూడదు. కుట్టు బైండు ఎంతో కొంత తట్టుకుంటుంది, జిగురుతో అంటించిన పాత పుస్తకమైతే ఎండిన జిగురు అక్కడికక్కడే పగిలి పుటలు విడిపోతాయి.

చిన్న గుండ్రని రంధ్రాలుంటే పురుగు తొలిచిందని అర్థం. పుస్తకాన్ని తెల్లకాగితం మీద మెల్లగా తట్టినప్పుడు తాజా పొడి రాలితే ఆ పురుగు లోపల ఇంకా ఉండవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరో జాగ్రత్త అవసరం. పంతొమ్మిదో శతాబ్దంలో, ముఖ్యంగా ఆ శతాబ్దం నడిమి దశాబ్దాల్లో, ఐరోపా, అమెరికాలలో అట్టలకు వాడిన మెరిసే ఆకుపచ్చ రంగు గుడ్డ కొన్నింటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అంతటి పాత ఆకుపచ్చ అట్ట పుస్తకం కనపడితే పిల్లలను ముట్టుకోనివ్వకపోవడం, మనం ముట్టుకుంటే చేతులు కడుక్కోవడం మంచిది. బటన్ నొక్కితే పాడే పుస్తకాల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. వాటి మూత మరతో గట్టిగా బిగించి లేకపోతే కొనకూడదు, ఆ బిళ్ల మింగిన పిల్లలకు ప్రాణాపాయం.

విషయాన్ని బట్టి కూడా ఏవి కొనదగినవో ఆలోచించాలి. కథలు, కవిత్వం, జీవితచరిత్రలు, నిఘంటువులు, గణితపు చిక్కుప్రశ్నలు, పక్షుల బొమ్మలు ఎంత పాతవైనా పనికివస్తాయి. వైద్యం, చట్టం, పన్నులు, విద్యుత్ మరమ్మతు, పరీక్షల గైడ్లు పాతవి కొంటే ప్రమాదమే తప్ప ప్రయోజనం లేదు, చరిత్రగా చదువుకుంటామంటే తప్ప. పాఠ్యపుస్తకం కొనేటప్పుడు బడిలో నడుస్తున్న ముద్రణతో సరిచూసుకోవాలి.

బేరం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కొన్నిచోట్ల ధర లోపలి పుటలో పెన్సిలుతో రాసి ఉంటుంది, కొన్నిచోట్ల దుకాణదారు నోటిమాటే ధర. అన్నీ ఒకేసారి తెచ్చి బల్లమీద పెట్టి మొత్తానికి ఎంత తగ్గిస్తారని ఒక్కసారి అడగడం సబబు. ఒక్కో పుస్తకాన్నీ ఫోనులో వెతికి, అక్కడ ఇంకా తక్కువకే ఉందని ఆయన ఎదుటే చెప్పడం సబబు కాదు. పిల్లలు తమ పుస్తకాలకు తామే డబ్బు చెల్లించి, చిల్లర తామే లెక్కపెట్టుకుంటే బాగుంటుంది.

ఇంటికి తెచ్చాక

తెచ్చినవాటిని నేరుగా అరలో పెట్టకూడదు. ముందుగా పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకొని, పైఅంచు మీది దుమ్మును వెన్నువైపు నుంచి బయటి అంచువైపుకు పొడిబట్టతో తుడవాలి. అటునుంచి ఇటు తుడిస్తే దుమ్ము వెన్నులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. తడిబట్ట వాడకూడదు. చినిగిన పుటలకు మామూలు ప్లాస్టిక్ టేపు అంటించకూడదు, కొన్నేళ్లకు దాని జిగురు పుటను గోధుమరంగుకు తిప్పి, చిరుగు కన్నా పెద్ద మచ్చను మిగులుస్తుంది. ఆ తరువాత రెండు వారాలపాటు ఈ పుస్తకాలను మిగిలినవాటికి దూరంగా ఉంచితే పురుగు ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది. అనుమానం తీరకపోతే పుస్తకాన్ని గాలి చొరబడని సంచిలో మూసి, మైనస్ 20 డిగ్రీల దాకా చల్లబడే ఫ్రీజరులో కనీసం వారం రోజులు ఉంచవచ్చు. బయటికి తీశాక గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చల్లని అట్టమీద తేమ పేరుకుంటుంది. తోలు బైండు పుస్తకాలకు ఈ పద్ధతి వాడకపోవడం మేలు.

తుడవడం పెద్దలూ, తేదీ రాయడం పిల్లలూ చేస్తే పని పంచుకున్నట్టుంటుంది. మొదటి ఖాళీ పుట మూలన పెన్సిలుతో కొన్న తేదీ, ఎంచుకున్నవారి పేరు రాయాలి. సిరాతో రాస్తే మళ్లీ చెరపడానికి వీలుండదు. ఆ రాత్రి ఒక్కొక్కరూ తమ పుస్తకం మొదటి పుటను పైకి చదివి వినిపిస్తే, ఎవరి పుస్తకాన్ని ఎవరు అప్పు అడుగుతారో చూడడం సరదాగా ఉంటుంది. తమ్ముడు ఎగతాళి చేసిన పుస్తకాన్నే రెండురోజుల తరువాత అక్క దిండు కిందనుంచి తీసుకుపోవడం ఎన్నో ఇళ్లలో జరిగేదే.

మళ్లీ ఎప్పుడు వెళ్లాలన్నది దుకాణంలో సరుకు ఎంత వేగంగా మారుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. కొత్త పెట్టెలు ఎప్పుడు వస్తాయో దుకాణదారునే అడగవచ్చు. వెళ్లే ముందు ఇంట్లో ఎవరికీ అక్కరలేనివి ఏరి తీసుకువెళితే, కొన్ని దుకాణాలు వాటికి బదులు ధర తగ్గిస్తాయి, కొన్ని తమకు పనికివచ్చే రకాన్నే తీసుకుంటాయి, అందువల్ల మూట మోసుకువెళ్లే ముందు ఏమి తీసుకుంటారో కనుక్కోవాలి. ఏ పుస్తకం ఇచ్చేయాలన్న నిర్ణయం దానిని ఎంచుకున్నవారిదే కావాలి. చదివి రెండేళ్లయింది కదా, ఎదిగిపోయాడు కదా అని బడికి వెళ్లిన సమయంలో పిల్లల పుస్తకాలను మూటకట్టకూడదు. వారు అడ్డు చెప్పిన పుస్తకాన్ని అరలోనే ఉంచి, పైసారికి మళ్లీ అడగాలి.